చివరి నాలుగు ఆధారాల దగ్గర ఊహించి నింపొచ్చా?

ప్రశ్న: గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) గడి మొదలుపెడితే ముప్పాతిక భాగం నిండుతుంది. చివరి నాలుగైదు ఆధారాల (క్లూల) దగ్గర మాత్రం కదలను. విసుగొచ్చి, గళ్ళలో పట్టే మాటేదో రాసేస్తాను. సగం సార్లు అది తప్పవుతుంది. మొన్న ఒక నిలువు ఆధారం ఇలా ఉంది: ‘చెడ్డ వేదికెక్కిన లేడి (3)’. (3) అంటే మూడు గళ్ళ జవాబు. కింది రెండు గళ్ళలో ‘రం’, ‘గం’ అప్పటికే వచ్చి ఉన్నాయి. ధైర్యంగా ‘సారంగం’ అని రాశాను. తప్పని తేలింది. సారంగం అంటే లేడి కాదా? అసలు కారణం పూర్తిగా తెలియకుండా ఊహించి నింపటం సరైన పద్ధతేనా? సరైనదే అయితే ఎలా ఊహించాలి?

సమాధానం: సారంగం అంటే లేడే. మీకు మాట తెలియక జరిగిన తప్పు కాదిది. ఊహను మధ్యలో ఆపేయటం వల్ల జరిగింది.

‘_ రం గం’ అని కనబడగానే తట్టే మాటలు ఐదున్నాయి: తరంగం, తురంగం, కురంగం, సారంగం, సొరంగం. అంటే అల, గుర్రం, లేడి, మళ్ళీ లేడి, నేల కింద దారి. ఆధారం చివర ‘లేడి’ అని ఉంది కాబట్టి ఐదులో రెండే మిగులుతాయి: కురంగం, సారంగం. ఇంతదాకా మీరు చేసిందంతా సరిగ్గానే ఉంది. కానీ ఆధారంలో ‘చెడ్డ’, ‘వేదికెక్కిన’ అనే మాటలు ఇంకా వాడకుండా ఉన్నాయి. వేదిక అంటే రంగం. అది గళ్ళలో మీ ఎదురుగానే ఉంది. దాని మీదికి ఎక్కింది ‘చెడ్డ’. చెడ్డ అనే అర్థాన్ని ఒక్క అక్షరంలో ఇచ్చేది ‘కు’: కుతర్కం, కుయుక్తి, కుసంస్కారం. ఇది నిలువు ఆధారం కాబట్టి ‘కు’ నిజంగానే ‘రంగం’ మీదికెక్కి కూర్చుంది. జవాబు కురంగం. సారంగం రాస్తే ‘చెడ్డ’ అన్న మాట దేనికి పెట్టారో చెప్పలేం.

ఇక మీ అసలు ప్రశ్న. ఊహించటం తప్పు కాదు. కష్టమైన గళ్ళ నుడికట్టు ఊహ లేకుండా పూర్తి కాదు కూడా. మాట ముందు తట్టి, కారణం తర్వాత దొరకటం అనుభవమున్న పూరకులకు రోజూ జరిగేదే. ఆ ఊహ దేని మీద నిలబడిందో తెలుసుకోవటం, అది రుజువయ్యేదాకా దాన్ని ఊహగానే చూడటం, ఈ రెండూ ఉంటే చాలు. కుదిరిన మాట రాసేసి అది ఖాయమైపోయిందనుకుంటేనే గడి చెడుతుంది.

ప్రతి జవాబుకూ మూడు సాక్ష్యాలుంటాయి. మొదటిది అర్థం. నిగూఢ ఆధారానికి, అంటే జవాబును మాటల ఆటలో దాచే ఆధారానికి, ఏదో ఒక కొసన జవాబు అర్థం తిన్నగా ఉంటుంది. రెండోది అల్లిక, అంటే మిగతా మాటలతో కూర్పరి (గడిని తయారుచేసినవాడు) చేసిన అక్షరాల కసరత్తు. మూడోది కలిసే గళ్ళు. మూడూ కుదిరితే పెన్నుతో రాయండి. రెండు కుదిరితే పెన్సిల్‌తో, చిన్నగా, గడి మూలన రాయండి. ఒక్కటే కుదిరితే గడిలో రాయనే వద్దు, ఆధారం పక్కన అంచులో రాసి వదిలేయండి. మీ సారంగానికి అర్థం కుదిరింది, కలిసే గళ్ళు కుదిరాయి, అల్లిక కుదరలేదు. అది పెన్సిల్ స్థాయి ఊహ. మీరు పెన్నుతో రాశారు. కంప్యూటర్లోనో ఫోన్లోనో నింపేవాళ్ళకు ఈ తేడా తెరమీద కనబడదు. వాళ్ళు పక్కన ఒక కాగితం పెట్టుకుని ఊహల్ని అక్కడే రాసుకోవటం మంచిది. తెరమీద నిండిన గడి ఖాయమైన గడిలాగే కనబడి కంటిని మోసం చేస్తుంది.

ఊహకు సాయపడే సంగతులు తెలుగు గడిలో చాలా ఉన్నాయి. ఇంగ్లీషు గడిలో ఒక చదరంలో 26 అక్షరాల్లో ఒకటి పడుతుంది. మనకు హల్లు, గుణింతం, వత్తు అన్నీ కలిసి ఒక గడిలో కూర్చుంటాయి. ‘పుస్తకం’ మూడే గళ్ళు: పు, స్త, కం. ఒక్క గడి తేలిందంటే వందల అవకాశాల్లోంచి ఒకటి తేలినట్టు. అందుకే మూడు గళ్ళ మాటలో ఒక్క అక్షరం తెలిసినా చాలాసార్లు జవాబు చేతికి అందేంత దూరంలో ఉంటుంది. ఈ అనుకూలతను చాలామంది పూర్తిగా వాడుకోరు.

ముందు జవాబు చివరి గడి చూడండి. అర్థం ఏ రూపంలో ఉందో జవాబూ ఆ రూపంలోనే ఉండాలి. అర్థం బహువచనమైతే చివరి గడి చాలావరకు ‘లు’, కొన్నిసార్లు ‘ళ్ళు’ లేదా ‘డ్లు’. ‘చేసేవాడు’ అని ఉంటే ‘డు’, కాకపోతే ‘రి’ (నేర్పరి, మాటకారి). పని పేరైతే ‘టం’, ‘డం’, ‘ట’. ‘ఎలా’ అనే ప్రశ్నకు జవాబులా ఉంటే ‘గా’. ‘ఫలానాది లేని’ అంటే మొదటి గడి ‘అ’, ‘ని’ల్లో ఒకటి కావచ్చు, ‘చెడ్డ’ అంటే ‘దు’ కావచ్చు. అది ‘నిర్’, ‘దుర్’ అయితే ఆ ‘ర్’ తర్వాతి గడిలో కలిసిపోతుందని మరవొద్దు: నిర్భయం అంటే ని, ర్భ, యం. ఇవన్నీ జవాబు తెలియకముందే పెన్సిల్‌తో రాసుకోదగ్గవి. ఒక్క ‘లు’ రాసుకున్నా అడ్డంగా పోయే ఇంకో మాటకు ఒక గడి దొరుకుతుంది.

బహువచనం దగ్గర ఒక మెలిక ఉంది. ఏకవచనం చివరి ‘ఇ’కారం బహువచనంలో ‘ఉ’కారం అవుతుంది: పిల్లి పిల్లులు, కత్తి కత్తులు. కాబట్టి ‘_ ల్లు లు’ అని కనబడితే ‘ల్లు’తో ముగిసే మాట కోసమే వెతక్కండి, ‘ల్లి’తో ముగిసేవీ చూడండి. తల్లులు, బల్లులు, పిల్లులు అప్పుడు బయటపడతాయి. చాలామంది ఇరుక్కునే చోటు ఇది. మాట తెలియక కాదు, తప్పు గుణింతం దగ్గర వెతకటం వల్ల దొరకదు.

చివరి గడిలో ఇంకో చిక్కు ‘ము’, సున్నల తేడా. వనం రెండు గళ్ళు, వనము మూడు. మీకు తట్టిన మాట ఒక గడి తక్కువైతే ‘ము’ చేర్చి చూడండి, ఎక్కువైతే తీసి చూడండి. అలాగే పెళ్లి/పెళ్ళి, చేయి/చెయ్యి లాంటి జంటలు. దీన్నిబట్టి పనికొచ్చే పరీక్ష ఒకటుంది. రెండు జవాబులు కలిసే గడిలో హల్లు ఒకటే అయి గుణింతమో వత్తో మాత్రమే తేడా వస్తే, మాట సరైనదే, దాని రూపం వేరు కావచ్చు. చెరిపేయకండి, రూపం మార్చి చూడండి. హల్లే వేరైతే రెండిట్లో ఒక ఊహ పూర్తిగా తప్పు.

గడిలో తప్పును పసిగట్టే సూత్రాలు మరికొన్ని. అ, ఆ, ఇ, ఈ లాంటి అచ్చులు తెలుగు మాటకు మొదట్లోనే వస్తాయి, మధ్యలో రావు. ఒక మాట మూడో గడిలో ‘ఆ’ పడుతోందంటే ఆ జవాబు రెండు మాటల కూడిక అయినా కావాలి, బీఏ, ఎంఏ లాంటి పొడి అక్షరాలైనా కావాలి, లేదంటే మీరు రాసిన వాటిలో ఒకటి తప్పు. ద్విత్వాక్షరం, అంటే క్క, ట్ట, ల్ల లాంటిది మాట మొదట రాదు. ణ, ళలతో మాట మొదలు కాదు. ఖ, ఘ, ఛ, ధ, భ లాంటి మహాప్రాణం ఏ గడిలో కనబడినా జవాబు దాదాపుగా సంస్కృతం నుంచి వచ్చిందై ఉంటుంది, కాకపోతే ఉర్దూ వంటి పరాయి భాష నుంచి వచ్చింది. అప్పుడు అచ్చతెలుగు పర్యాయపదాల మధ్య తిరగటం ఆపేసి సంస్కృత పర్యాయపదాల్లోకి వెళ్ళండి. ‘నేల’ కాదు, ‘ధరణి’. ‘బరువు’ కాదు, ‘భారం’. వెతికే చోటు ఒక్క గడితో సగానికి తగ్గిపోతుంది.

ఈ సూత్రాలన్నీ ఒకచోట పనిచెయ్యవు. జవాబునే తిరగేసి గళ్ళలో కూర్చోబెట్టే అలవాటు మన కూర్పరుల్లో ఉంది. ‘వెనుదిరిగిన భ్రమరం (3)’ అంటే తుమ్మెద, కానీ గళ్ళలో ద, మ్మె, తు అని రావాలి. దీన్ని గుర్తుపట్టటం తేలికే. ‘తిరగబడిన’, ‘వెనుదిరిగిన’, ‘అస్తవ్యస్తమైన’ లాంటి సూచన తీసేశాక ఆధారంలో అర్థం తప్ప ఇంకేమీ మిగలకపోతే జవాబే తిరగబడింది, లేదా చెల్లాచెదురైంది. అదే ‘తిరగేసిన కలపతో అక్షరాలు దిద్దుకునేది (3)’ అన్నప్పుడు తిప్పటానికి ‘కలప’, అర్థానికి ‘అక్షరాలు దిద్దుకునేది’, రెండూ ఉన్నాయి. కలప తిరగేస్తే పలక, గళ్ళలో తిన్నగా పలకే. జవాబు చెల్లాచెదురైనట్టు తేలితే, మాట తెలిసినా గళ్ళు నింపకండి. మూడు అక్షరాలకు ఆరు వరసలు, అసలు వరస తీసేస్తే ఐదు. అందులో ఏది సరైనదో కలిసే గళ్ళే చెప్పాలి. జవాబు తెలిసిన సంబరంలో తోచిన వరసలో రాసేయటం వల్ల చెడిన మూలలు ఎన్నో.

ఇచ్చిన మాట అక్షరాల్ని తారుమారు చేసి కొత్త మాట చెయ్యమన్నప్పుడు ఊహకు మంచి పని దొరుకుతుంది. ‘దవనం చెదిరితే ముఖం (3)’ చూడండి. ద, వ, నం. ఆరు వరసలూ రాసుకోనక్కర్లేదు. సున్నతో ఉన్న అక్షరం నామవాచకంలో ఎక్కువగా చివరికి చేరుతుంది. ‘నం’ని చివర పెట్టేస్తే మిగిలేవి రెండే వరసలు, ఒకటి ఇచ్చిన మాటే. రెండోది వదనం. నాలుగు అక్షరాలైతే 24 వరసలు ఆరుకు తగ్గుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. గుణింతం, సున్న, వత్తు వాటి అక్షరంతోనే కదలాలి. ‘పాత జలం’ చెదిరితే ‘జలపాతం’ అనిపిస్తుంది. కానీ మొదటిదాంట్లో త, లం ఉన్నాయి, రెండోదాంట్లో తం, ల ఉన్నాయి. సున్న ఒక అక్షరం మీంచి ఇంకో అక్షరం మీదికి దూకింది. నియమం పాటించే కూర్పరి ఇలా చెయ్యడు. మీ జవాబు ఇలా సున్న దూకితేనే కుదురుతోందంటే దాన్ని అంచులోనే ఉంచండి.

సూచనలు మాటలకు అతుక్కుని ఉండటం తెలుగు ఆధారాల్లో పెద్ద ఇబ్బంది. ‘లో’, ‘తో’, ‘కి’, ‘లేని’ అన్నీ మాట తోకలో కలిసిపోయి, వాక్యంలా చదివేటప్పుడు కంటికి ఆనవు. ఇరుక్కున్న ఆధారాన్ని కాగితం మీద విడదీసి రాయండి: ‘వాన + లో + షడ్జమం + వినిపిస్తే + ముక్కుకు తెలిసేది (3)’. ఇప్పుడు కనబడుతుంది. వాన లోపల షడ్జమం, అంటే ‘స’. వా, స, న. వాసన. ఇదే ‘లో’ ఇంకోచోట ఇంకో పని చేస్తుంది. ‘వాన రంగులో దాగిన కోతి (3)’ అంటే ఏదీ ఎందులోనూ దూర్చక్కర్లేదు, ‘వాన రంగు’ అన్న మాటల్లోనే వరసగా వా, న, రం ఉన్నాయి. ‘లో’ దగ్గర ఈ రెండు అవకాశాల్నీ పరీక్షించేదాకా ముందుకు వెళ్ళొద్దు. ‘తల’, ‘మొదలు’, ‘తోక’, ‘చివర’ కనబడితే అక్షరం పోవటమో, అక్షరం తీసుకోవటమో ఉంటుంది: ‘తరంగం తల తెగితే వేదిక (2)’ రంగం. ‘తల కిందులైతే తీగ (2)’ మరీ ముచ్చటైనది. అక్కడ ‘తల’ సూచన కాదు, సరుకు. అది తిరగబడితే లత.

ఏ సూచనా కనబడని పొట్టి ఆధారం వస్తే శ్లేషను అనుమానించండి. ‘నోట్లో ఉన్నదే ఖజానాకు చేరుతుంది (2)’: పన్ను. ఇలాంటి చోట వెతకాల్సింది అర్థాన్ని కాదు, రెండు అర్థాలున్న మాటల్ని. పొట్టి మాటల్లో అలాంటివి కొన్ని ఎప్పుడూ నాలుక చివర ఉండాలి: పాలు, ఏరు, ఆరు, నూరు, ఊరు, మాను, కాలు, వేలు, తెలుపు. వీటిలో చాలావాటికి ఒక అర్థం పేరుగా, ఇంకో అర్థం క్రియగా ఉంటుంది. కూర్పరి పేరును క్రియలా, క్రియను పేరులా చూపిస్తాడు. రెండు వైపులా ఒకటే అయ్యే మాటలూ అంతే అవసరం. ‘ఎటు చూసినా కాస్త నిద్రే (3)’ అంటే కునుకు. పులుపు, నటన, మడమ, జలజ కూడా ఈ జాతివే.

ఒక్క అక్షరంతో అర్థమిచ్చేవి నేర్చుకోకుండా కష్టమైన గడి జోలికి వెళ్ళటం దండగ. స్వరాలు ముందు: షడ్జమం స, రిషభం రి, గాంధారం గ, మధ్యమం మ, పంచమం ప, ధైవతం ద (కొందరు ధ వేస్తారు), నిషాదం ని. ‘సారంలో గాంధారం పలికిన సముద్రం (3)’ అంటే సాగరం అని అప్పుడు క్షణంలో తేలుతుంది. తర్వాత సంస్కృత ఏకాక్షరాలు: కు అంటే భూమి (అందుకే అంగారకుడు కుజుడు), మా అంటే లక్ష్మి (అందుకే మాధవుడు), ఖం అంటే ఆకాశం (అందులో పోయేది ఖగం), గో అంటే ఆవు, ధీ అంటే బుద్ధి. మీ కురంగంలో ‘కు’కు ‘చెడ్డ’ అన్న అర్థం వాడారు. ఇంకో కూర్పరి దాన్నే ‘వేదిక మీద భూమి’ అని ఇచ్చేవాడు.

రెండు గళ్ళ జవాబుల్లో ‘హరి’ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. అమరకోశం నానార్థాల్లో దానికి విష్ణువు, ఇంద్రుడు, యముడు, సూర్యుడు, చంద్రుడు, గాలి, సింహం, గుర్రం, కోతి, చిలుక, పాము, కప్ప అన్ని అర్థాలూ ఉన్నాయి. ఆధారంలో జంతువు పేరుండి, జవాబు రెండే గళ్ళయి, ఏదీ తట్టకపోతే అంచులో ‘హరి’ అని రాసి ఉంచటం చాలా మంచి ఊహ. అంచులో మాత్రమే, అల్లిక దొరికేదాకా.

ఊహ ఎక్కడ ముంచుతుందో ఒక మూల తీసుకుని చూద్దాం. అడ్డం: ‘స్వప్నం తర్వాత పెన్ను పడితే అలజడి (4)’. స్వప్నం అంటే కల. అలజడి అర్థం. ‘క ల _ _’, నాలుగు గళ్ళు. చెయ్యి దానంతటదే ‘కలవరం’ అని రాసేస్తుంది. అర్థం కుదిరింది, సగం అల్లిక కుదిరింది, గళ్ళు కుదిరాయి. ఇంత గట్టిగా కనబడే తప్పు ఊహే అన్నిటికంటే ప్రమాదం. ఇప్పుడు ఆ వాడని మాటల పరీక్ష పెట్టండి. ‘పెన్ను’కు లెక్క ఉందా? వరం పెన్ను కాదు. ఊహ అక్కడే పడిపోతుంది. పెన్ను అంటే కలం. కల, కలం కలిస్తే కలకలం.

ఈ పరీక్ష తట్టలేదనుకోండి. అప్పుడు కలిసే గళ్ళు కాపాడాలి. మూడో గడి దగ్గర ముగిసే నిలువు మాటకు ఆధారం ‘తిరగేసిన కలపతో అక్షరాలు దిద్దుకునేది’. అది పలక అని పూర్తి కారణంతో తేలింది. చివరి అక్షరం ‘క’. మీ కలవరంలో అక్కడ ‘వ’ ఉంది. హల్లే వేరు. నాలుగో గడి నుంచి కిందికి దిగే మాటకు ఆధారం ‘ఏటి నడుమ నేలే రావణుడి రాజ్యం (2)’. నది మధ్య మెరకకూ, రావణుడి రాజ్యానికీ ఒకటే పేరు, లంక. మొదటి అక్షరం ‘లం’. మీ గడిలో ‘రం’. కారణం తెలిసిన రెండు మాటలు కారణం తెలియని ఒక మాటను కాదంటున్నాయి. ఏది చెరపాలో ఇంక ఆలోచించక్కర్లేదు.

కానీ చాలామంది ఇక్కడ తిరగబడతారు. కలవరం ముందే పెన్నుతో ఉంది కాబట్టి, ‘రం’తో మొదలయ్యే రెండక్షరాల మాట వెతుకుతారు. ‘రంభ’ దొరుకుతుంది. రావణుడి కథలో రంభ కూడా ఉంది కదా అని సర్దుకుంటారు. ఆ ‘భ’ ఇంకో అడ్డం మాటలోకి పోతుంది. అక్కడ మహాప్రాణం చూసి సంస్కృతం మాట ఒకటి వెతికి పెడతారు. ఇలా మూడు ఊహలు ఒకదాన్నొకటి బలపరుస్తాయి, మూడూ తప్పే. అందుకే ఒక కచ్చితమైన కట్టుబాటు పెట్టుకోండి: ఊహకు ఇంకో ఊహను సాక్ష్యంగా తీసుకోవద్దు. పెన్సిల్‌తో రాసిన మాట, పెన్నుతో రాసిన మాటను కనీసం ఒక్క గడిలోనైనా కలవాలి. అలా కలవని ఊహ మీద ఇంకేదీ కట్టకండి.

మూల బిగుసుకుపోతే గడంతా చెరపొద్దు. ఆ మూలలో ఉన్న ప్రతి జవాబుకూ అల్లిక నోటితో చెప్పి చూడండి. చెప్పలేకపోయినవే చెరపండి. సాధారణంగా అవి ఒకటో రెండో ఉంటాయి, చిక్కు వాటిలోనే ఉంటుంది. చెరిపాక ఆ ఆధారాల్ని కాసేపు చూడకుండా వదిలేసి మర్నాడు రావటం నిజంగా పనిచేస్తుంది. అంతకుముందు వాక్యాన్ని ఏ తీరున చదివారో ఆ తీరు అప్పటికి వదులుతుంది.

ఎప్పుడూ వినని మాట అల్లికలోంచి పుట్టినప్పుడు భయపడకండి. ‘కురంగం’ మీకు ముందు తెలియకపోయినా, కు, రంగం కలిపి ఆ మాట కట్టగలిగేవారు. అలా కట్టాక నిఘంటువు తియ్యండి. శబ్దరత్నాకరం కావచ్చు, ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటువుల వెతుకులాట కావచ్చు. ముందు మాట కట్టి తర్వాత నిఘంటువు చూస్తే అది తనిఖీ. ముందే నిఘంటువు తెరిచి ‘లేడి’కి పర్యాయపదాలన్నీ ఏరుకుంటే మళ్ళీ సారంగం దగ్గరే తేలతారు, ఎందుకంటే నిఘంటువు రెంటినీ ఒకేలా చూపిస్తుంది. పూర్తిగా ఇరుక్కున్నప్పుడు అలా ఏరుకోవటంలో తప్పేమీ లేదు గానీ, ఏరిన ప్రతి మాటకూ అల్లిక పరీక్ష పెట్టండి.

సమాధానాలు వచ్చిన రోజు పెన్నుతో రాసిన జవాబుల్ని వదిలేసి, పెన్సిల్ జవాబుల్నే చూడండి. తప్పిన ప్రతి ఊహకూ ఏ సాక్ష్యం మోసం చేసిందో ఒక్క మాటలో రాసుకోండి: వాడని మాట మిగిలిందా, గుణింతం తప్పిందా, ఊహ మీద ఊహ కట్టారా, అర్థాన్ని తప్పు కొసన వెతికారా. అల్లిక తెలియకుండానే సరిపోయిన ఊహల్ని కూడా వదలొద్దు. జవాబు చేతిలో ఉంది కాబట్టి, ఆధారం అలా ఎందుకు రాశారో వెనక్కి వెళ్ళి విప్పటం అప్పుడు చాలా తేలిక. కూర్పరి అలవాట్లు అక్కడే పట్టుబడతాయి: అతను అర్థాన్ని ఎక్కువగా ఏ కొసన పెడతాడు, ‘ము’ వాడతాడా సున్న వాడతాడా, సున్న దూకితే ఒప్పుకుంటాడా, జవాబుల్ని తిరగేసి కూర్చోబెడతాడా. అదే కూర్పరి తర్వాతి గడిలో, అల్లిక దొరకని చోట రెండు మాటలు సమానంగా కుదిరినప్పుడు, ఏది ముందు పెన్సిల్‌తో రాయాలో ఆ అలవాట్లను బట్టే తేల్చుకోవచ్చు.